అయిదు వాక్యాల ఉత్తరం: అమెరికా కాలేజీ రచనా తరగతిలో వ్యసనం

అమెరికా కాలేజీలో చేరిన విద్యార్థి కంప్యూటర్ సైన్స్ చదవనీ, నర్సింగ్ చదవనీ, మొదటి ఏడాదిలో రచనా కోర్సు ఒకటి దాదాపు తప్పనిసరి. కాంపోజిషన్ అని పిలిచే ఈ కోర్సు చాలా చోట్ల రెండు సెమిస్టర్లు సాగుతుంది. మొదటి సెమిస్టర్‌లో పేరున్న వ్యాసాలు చదివి వాటి మీద రాస్తారు. రెండోదానిలో ఒక అంశం ఎంచుకొని, గ్రంథాలయంలో వెతికి, ఆధారాలతో పరిశోధన పత్రం తయారు చేస్తారు. ఆ అంశాల్లో వ్యసనం తరచుగా కనిపిస్తుంది. కొందరు అధ్యాపకులు సెమిస్టర్ మొత్తాన్నీ దానికే కేటాయిస్తారు.

పిల్లల్ని అక్కడ చదివిస్తున్న తెలుగు తల్లిదండ్రుల్లో చాలామందికి ఇది వింతగా ఉంటుంది. ఇంజనీరింగ్ చదవడానికి వెళ్లిన అమ్మాయికి, తాగుబోతు తండ్రి గురించి ఎవరో రాసుకున్న వ్యాసంతో ఏమి పని అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఇంగ్లీషు మెరుగుపడుతుందన్న జవాబు దానికి సరిపోదు. ఒక మాటను ఎందుకు నమ్మాలి, ఎంతవరకు నమ్మాలి, ఆ మాట అసలు ఎక్కడి నుంచి బయలుదేరింది అని అడగడం ఈ కోర్సు నేర్పే అసలు విద్య. వ్యసనం ఆ విద్యకు చాలా కఠినమైన పరీక్ష పెడుతుంది. అమెరికాలో పెద్ద చదువులు చదివిన డాక్టర్లు సైతం ఆ పరీక్షలో తప్పారు. వాళ్ల తప్పుకు రోగులు ప్రాణాలతో మూల్యం చెల్లించారు. ఆ తప్పులో అయిదు వాక్యాల ఉత్తరం ఒకదానికి పాత్ర ఉంది. ఆ సంగతికి ముందు వ్యాసాల గురించి చెప్పుకోవాలి.

ఈ కోర్సు కొత్తది కాదు. 1874లో హార్వర్డ్ తన ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషు రచన పెట్టింది. మంచి బడుల్లో చదివి వచ్చిన కుర్రవాళ్లు రాసిన కాగితాలు చూసి అధ్యాపకులు నిరాశపడ్డారు. 1885 నాటికి మొదటి ఏడాది విద్యార్థులందరికీ రచనా కోర్సు విధించారు. అదే నమూనా దేశమంతా పాకింది. మొదట్లో దోషాలు లేకుండా రాయించడమే దాని లక్ష్యం. కాలం గడిచేకొద్దీ దృష్టి వాక్యం మీది నుంచి వాదన మీదికి మళ్లింది.

మన బడిలో వ్యాసం రాసే పద్ధతికీ దీనికీ ఉన్న తేడా ఇక్కడే మొదలవుతుంది. పదో తరగతిలో ఉపోద్ఘాతం, విషయ విశ్లేషణ, ముగింపు అన్న మూడు అరల్లో వ్యాసం రాస్తాం. ముగింపు ఏమిటో కలం పట్టకముందే తెలుసు. మద్యపానం ఒంటికి, ఇంటికి, సమాజానికి చేటు. అమెరికా తరగతిలో ఆ వాక్యాన్ని థీసిస్‌గా, అంటే వ్యాసం నిలబెట్టబోయే ప్రధాన వాదంగా, రాస్తే అధ్యాపకుడు కొట్టేస్తాడు. అది తప్పని ఎవరూ అనరు, కొట్టేయడానికి కారణం కూడా అదే. బుద్ధి ఉన్న మరో మనిషి కాదనగలిగే మాట అయితేనే థీసిస్ అవుతుంది. మన దగ్గర చదివి అక్కడికి వెళ్లే పిల్లలకు భాషకంటే ఈ అలవాటు మార్చుకోవడమే కష్టం. సుభాషితాల మధ్య పెరిగినవాళ్లకు, నిజమైన మాట ఎందుకు పనికిరాదో వెంటనే బోధపడదు.

ఈ తరగతికి బాగా సరిపోయే పాఠం ఒకటి 1842 నాటిది. ఆ ఏడాది ఫిబ్రవరి 22న, జార్జి వాషింగ్టన్ జయంతి రోజు, ఇల్లినాయ్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో అబ్రహాం లింకన్ మద్యం గురించి ప్రసంగించాడు. అప్పటికి అతడు 33 ఏళ్ల న్యాయవాది. విన్నది వాషింగ్టోనియన్లు అనే సంఘం. 1840లో బాల్టిమోర్‌లో ఆరుగురు తాగుబోతులు ఇక తాగకూడదని ప్రమాణం చేసి మొదలుపెట్టిన ఉద్యమం అది. తాగి, మాని, ఆ అనుభవాన్ని నలుగురిలో చెప్పుకోవడం వాళ్ల పద్ధతి.

అంతకుముందు మద్యవ్యతిరేక ప్రచారకులు ఎందుకు విఫలమయ్యారన్నది లింకన్ ప్రశ్న. వాళ్లు అమ్మేవాణ్ణీ తాగేవాణ్ణీ కలిపి తిట్టారు. తిట్టిన మనిషి తనలోకి తాను ముడుచుకుపోయి, చెవులనూ మనసునూ మూసుకుంటాడు. తర్వాత లింకన్ ఇంకో అడుగు వేస్తాడు. ఎన్నడూ ఈ ఊబిలో పడనివాళ్లం బయట ఉన్నది మన గొప్పతనం వల్ల కాదు, మనకు ఆ దాహం లేకపోవడం వల్లే అంటాడు. చర్చిలో కూర్చొని విన్న కొందరు పెద్దమనుషులకు ఈ మాట గుచ్చుకుందని, బయటికి వస్తూ కోపగించుకున్నారని అతని సహచర న్యాయవాది హెర్న్‌డన్ తర్వాత రాశాడు.

ఈ ప్రసంగం ఎవరిని ఒప్పించడానికి అని తరగతిలో అడుగుతారు. తాగేవాళ్లను అని మొదట జవాబు వస్తుంది. మళ్లీ చదివితే, అది తాగనివాళ్ల మీద ఎక్కుపెట్టిన వాదన అని తెలుస్తుంది. లింకన్ తాగుబోతును మార్చమనడం లేదు, అతణ్ణి చూసే కళ్లను మార్చుకోమంటున్నాడు. ఈ ఒక్క విషయం విద్యార్థి స్వయంగా కనిపెట్టగలిగితే, ఆ వారం చదువు సార్థకమైనట్టే.

లింకన్ ప్రసంగం చివర్లో ఒక పోలిక ఉంది. మద్యం నుంచి విముక్తిని మరింత నీచమైన బానిసత్వం నుంచి విడుదల అంటాడు. భూమి మీద బానిస గానీ తాగుబోతు గానీ లేని రోజును ఊహిస్తాడు. అప్పటికి దక్షిణాది పొలాల్లో నిజమైన బానిసలు లక్షల్లో ఉన్నారు. ఆ పోలికను అక్కడే వదిలేయకుండా, మూడేళ్ల తర్వాత 1845లో వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ ఆత్మకథను పక్కన పెట్టి చదివితే పాఠానికి లోతు వస్తుంది. డగ్లస్ మేరీలాండ్‌లో బానిసగా పుట్టి, 1838లో తప్పించుకొని వచ్చినవాడు. క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ మధ్య బానిసలకు సెలవులు ఇచ్చేవారని, ఆ రోజుల్లో యజమానులే దగ్గరుండి విస్కీ తాగించేవారని రాశాడు. ఎవరు ఎక్కువ తాగి నిలబడతారో పందేలు కాసేవారట. స్వేచ్ఛ అంటే ఇదేనా అని బానిసకే అసహ్యం పుట్టాలి. రమ్‌కు బానిస కావడంకంటే మనిషికి బానిసగా ఉండడమే నయమనుకొని సోమరితనం దులుపుకొని పొలానికి వెళ్లాలి. ఇది యజమానులు చేసే మోసమని డగ్లస్ తేల్చి చెప్పాడు.

లింకన్ దృష్టిలో మద్యమే యజమాని. డగ్లస్ చూసింది యజమాని చేతిలోని మద్యాన్ని. రెండు పాఠాలూ దాదాపు ఒకే కాలానివి, రెండూ బానిసత్వాన్నీ తాగుడునూ ఒకే చోట తలచినవే, అయినా ప్రశ్న మొత్తంగా తిరగబడింది. వ్యసనపరుణ్ణి చూసినప్పుడు అతని ఇచ్ఛాశక్తిని కొలవాలా, లేక అతని గ్లాసులో పోస్తున్న చెయ్యి ఎవరిదని చూడాలా? సింథసిస్ అని ఈ తరగతిలో పిలిచే పని ఇదే. రెండు పాఠాల సారాంశం విడివిడిగా రాయడం కాదు, ఒకదాన్ని ఒకటి కదిపేలా ఎదురెదురుగా పెట్టడం. నా లెక్కన వ్యసనం మీద అమెరికాలో ఈనాటికీ సాగుతున్న చర్చంతా ఈ రెండు పాఠాల మధ్యే తిరుగుతోంది.

ఇరవయ్యో శతాబ్దపు వ్యాసాల్లో స్కాట్ రస్సెల్ శాండర్స్ 1989లో హార్పర్స్ పత్రికలో రాసిన అండర్ ది ఇన్‌ఫ్లుయెన్స్ కాలేజీ సంకలనాల్లో చాలా చోట్ల కనిపిస్తుంది. తల్లిదండ్రులు అడిగే తాగుబోతు తండ్రి వ్యాసం బహుశా ఇదే. తండ్రి చాటుగా తాగుతాడు. కొడుకుకు తెలుసు, తెలియనట్టు ఉండాలి. నడివయసు వచ్చిన కొడుకు తండ్రిది జబ్బని స్పష్టంగా ఎరుగును. అయినా అది తన తప్పువల్లే జరిగిందేమోనన్న చిన్ననాటి అపరాధభావం అతణ్ణి వదలదు. వైద్యశాస్త్రం ఇచ్చిన సమాధానం బుద్ధికి అందినా మనసుకు చేరలేదన్నమాట. ఈ నిజాన్ని ఏ గణాంకమూ చూపలేదు. వ్యాసం మాత్రమే చేయగల పని ఇది.

అయితే వ్యాసకర్త చెప్పిందల్లా నమ్మవచ్చా? 1936లో ఎస్క్వయిర్ పత్రికలో నవలా రచయిత స్కాట్ ఫిట్జ్‌జెరాల్డ్ తన మానసిక పతనం గురించి రాసిన ది క్రాక్-అప్ వ్యాసాలు ఈ ప్రశ్నకు మంచి ఉదాహరణ. తన స్థితికి తాగుడుతో సంబంధం లేదని, ఆరు నెలలుగా గ్లాసు బీరు కూడా ముట్టలేదని అందులో అంటాడు. అతడు విపరీతంగా తాగేవాడని జీవిత చరిత్రల్లో చదివినవాళ్లు ఆ మాట దగ్గర ఆగిపోతారు. అబద్ధమని కొట్టేయడం సులభం. తన గురించి ఇంత నిర్దాక్షిణ్యంగా రాసిన మనిషి ఆ ఒక్క చోట ఎందుకు తలుపు మూశాడని అడిగితే, వ్యాసం మరింత లోతుగా అర్థమవుతుంది.

రెండో సెమిస్టర్‌కు వచ్చేసరికి ఒక మనిషి అనుభవం నుంచి వేలమంది గురించి చెప్పే మాటల్లోకి అడుగుపెడతాం. ఇక్కడ చాలామంది విద్యార్థులు ఎత్తుకొనే ప్రశ్న వ్యసనం జబ్బా, ఎంపికా అన్నది. ప్రశ్న మరీ పెద్దది. అయినా ఎవరెవరు ఏమంటున్నారో చూడడం అవసరం.

అమెరికా మాదకద్రవ్య పరిశోధన జాతీయ సంస్థకు అధిపతిగా ఉన్న ఆలన్ లెష్నర్ 1997లో సైన్స్ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. వ్యసనం మెదడు జబ్బు, దీర్ఘకాలం ఉండి మళ్లీ మళ్లీ తిరగబెట్టేది, దాన్ని అలాగే చూడాలి అన్నది అతని వాదం. దీని వెనుక ఒక విధానపరమైన ఉద్దేశం ఉంది. జబ్బు అయితే జైలుకంటే చికిత్స ముందుకు వస్తుంది. 2009లో మనస్తత్వ శాస్త్రవేత్త జీన్ హేమన్ దీన్ని ఎదిరించాడు. జనాభా సర్వేల్లో చూస్తే, ఒకప్పుడు వ్యసనపు లక్షణాలున్నవారిలో ఎక్కువమంది వయసు పెరిగి ఉద్యోగం, కుటుంబం వచ్చాక మానేస్తున్నారని, చాలామంది చికిత్స లేకుండానే మానేస్తున్నారని చూపాడు. 2015లో మార్క్ లూయిస్ మూడో దారి చెప్పాడు. యవ్వనంలో తానే మత్తుమందులకు లోనై బయటపడి నాడీశాస్త్రవేత్త అయినవాడు ఇతడు. మెదడులో మార్పు నిజమే, కానీ అది గాఢంగా నేర్చుకున్న అలవాటు తెచ్చే మార్పు, దాన్ని జబ్బు అనడం సరికాదు అంటాడు.

చికిత్స చేసే డాక్టర్లు ఈ తగవు తేలేదాకా ఆగరు. 2013లో వచ్చిన మానసిక వైద్య నిర్ధారణ గ్రంథం అయిదో కూర్పు 11 లక్షణాల జాబితా ఇచ్చింది. ఏడాది కాలంలో వాటిలో రెండు మూడు ఉంటే స్వల్పం, నాలుగయిదు ఉంటే మధ్యస్థం, ఆరు లేదా అంతకు మించితే తీవ్రం. అంటే వ్యసనపరుడా కాదా అన్న రెండు గదుల విభజన పోయి, మెట్లు వచ్చాయి. అదే కూర్పులో జూదాన్ని కూడా వ్యసనాల అధ్యాయంలోకి తెచ్చారు. వీడియో గేములను మాత్రం ఇంకా పరిశోధన జరగాల్సిన విషయాల కింద ఉంచారు. ఫోను వ్యసనం మీద పత్రం రాస్తానని వచ్చే విద్యార్థి మొదట తెలుసుకోవాల్సింది ఈ వ్యత్యాసాన్నే.

ఒకే ఆధారం రెండు పక్షాలకూ ఎలా ఉపయోగపడుతుందో చూపడానికి వియత్నాం సైనికుల అధ్యయనం ఉంది. 1971లో వియత్నాంలోని అమెరికన్ సైనికుల్లో హెరాయిన్ విచ్చలవిడిగా వ్యాపించిందన్న వార్త ప్రభుత్వాన్ని భయపెట్టింది. ఆ జూన్‌లోనే అధ్యక్షుడు నిక్సన్ మత్తుమందుల వాడకాన్ని ప్రజలకు మొదటి శత్రువుగా ప్రకటించాడు. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు లీ రాబిన్స్, ఆ ఏడాది సెప్టెంబరులో తిరిగివచ్చిన సైనికులను వెతికి పట్టుకొని మాట్లాడింది. వియత్నాంలో ఉండగా దాదాపు అయిదో వంతు మంది వ్యసనానికి లోనయ్యారు. ఇంటికి వచ్చాక తొలి పది నెలల్లో వాళ్లలో మళ్లీ వ్యసనంలో పడింది 5 శాతం మాత్రమే. మూడేళ్లకు చూసినా 12 శాతమే. హెరాయిన్ ఒకసారి పట్టుకుంటే వదలదన్న నమ్మకానికి ఇది పెద్ద దెబ్బ.

పరిసరాలే అసలు కారణం అని ఒక విద్యార్థి దీన్నుంచి రాస్తాడు. ఇచ్ఛ ఉంటే ఎవరైనా మానగలరు అని మరొకరు రాస్తారు. రెండు చోట్లా అధ్యాపకుడు ఎర్ర సిరాతో ఒకే ప్రశ్న వేస్తాడు: ఈ సైనికులు ఎవరికి ప్రతినిధులు? వాళ్లు యువకులు. యుద్ధం సాగుతున్న చోటు నుంచి, మందు చవకగా దొరికే ఊరి నుంచి వేల మైళ్ల దూరం వచ్చేశారు. బయలుదేరే ముందు మూత్ర పరీక్షలో నెగ్గితే గానీ విమానం ఎక్కనిచ్చేవారు కాదు. మందుకు అలవాటుపడిన చోటే, అమ్మేవాడున్న వీధిలోనే బతకాల్సిన మనిషికి ఈ వెసులుబాటు లేదు. అధ్యయనం నిజం, అంకెలు నిజం. వాటినుంచి ఎంత దూరం వెళ్లవచ్చన్నదే విద్యార్థి రాయాల్సిన వాదన.

ఇక ఉత్తరం సంగతి. ఈ కోర్సు ఎందుకని అడిగే ప్రతి తల్లికీ తండ్రికీ నేను చెప్పదలచింది ఇదే.

1980 జనవరి 10న న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో సంపాదకుడికి ఒక ఉత్తరం అచ్చయింది. రాసినవారు బోస్టన్‌కు చెందిన జేన్ పోర్టర్, హెర్షెల్ జిక్. మొత్తం అయిదు వాక్యాలు. ఆసుపత్రుల్లో చేరిన రోగుల రికార్డులు పరిశీలించామని, నల్లమందు జాతి నొప్పి మందు కనీసం ఒక్కసారైనా అందుకున్న 11,882 మందిలో, వ్యసన చరిత్ర లేనివారికి వ్యసనం ఏర్పడినట్టు తగినంతగా నమోదైన సందర్భాలు నాలుగే కనిపించాయని దాని సారం. అందులో అబద్ధమేమీ లేదు. అది ఆసుపత్రి మంచం మీద, నర్సు చేతి మీదుగా, డాక్టరు పర్యవేక్షణలో మందు తీసుకున్నవారి లెక్క. మోతాదు ఎంతో, ఎన్నాళ్లు వాడారో ఉత్తరంలో లేదు. ఇంటికి వెళ్లాక వాళ్లు ఏమయ్యారన్నదీ లేదు. నడుము నొప్పికి నెలల తరబడి ఇంట్లో మాత్రలు మింగే మనిషి గురించి ఒక్క అక్షరమూ లేదు.

1995 డిసెంబరులో ఆక్సికాంటిన్ అనే నల్లమందు జాతి నొప్పి మాత్రకు ప్రభుత్వ అనుమతి వచ్చింది. మరుసటి ఏడాది నుంచి తయారీ కంపెనీ పర్డ్యూ ఫార్మా దాన్ని దేశమంతా ఉధృతంగా అమ్మింది. ఇలాంటి మందులవల్ల వ్యసనం ఒక శాతంకంటే తక్కువ మందికే వస్తుందన్న మాట డాక్టర్ల సమావేశాల్లో, కరపత్రాల్లో, వ్యాసాల్లో తిరిగింది. దాని వెనుక ఆధారంగా ఈ అయిదు వాక్యాలను చూపారు. ఒకరు చదవకుండా ఉల్లేఖించారు, ఆ ఉల్లేఖనను చూసి మరొకరు ఉల్లేఖించారు. కొంత కాలానికి ఉత్తరం కాస్తా అధ్యయనమైపోయింది. ఆసుపత్రి అన్న మాట దారిలోనే జారిపోయింది.

2017లో కెనడా పరిశోధకులు కొందరు అదే పత్రికలో లెక్క తేల్చారు. ఆ ఉత్తరాన్ని ఉల్లేఖించిన రచనలు 608. వాటిలో 72.2 శాతం వ్యసనం అరుదు అనడానికి దాన్నే సాక్ష్యంగా చూపాయి. 80.8 శాతం రచనల్లో, ఆ రోగులు ఆసుపత్రిలో ఉన్నవారన్న ముక్కే లేదు. ఆక్సికాంటిన్ మార్కెట్లోకి వచ్చాక ఉల్లేఖనలు బాగా పెరిగాయి. పత్రిక ఆ పాత ఉత్తరం మీద ఒక హెచ్చరిక చేర్చింది. తన ఉత్తరాన్ని మందుల కంపెనీలు ఇలా వాడుకున్నందుకు జిక్ కూడా తీవ్రంగా బాధపడ్డాడు. 2007లోనే పర్డ్యూ అనుబంధ సంస్థ ఒకటి, మందు ప్రమాదాన్ని తక్కువ చేసి చూపినట్టు కోర్టులో నేరం ఒప్పుకొని 60 కోట్ల డాలర్లకు పైగా చెల్లించింది. తర్వాత జనం మాత్రల నుంచి హెరాయిన్‌కు, హెరాయిన్ నుంచి ఇంకా బలమైన కృత్రిమ మందు ఫెంటనిల్‌కు మళ్లారు. 2022 ఒక్క ఏడాదిలో అమెరికాలో మత్తుమందుల మోతాదు మించి చనిపోయినవారు సుమారు 1,08,000 మంది.

ఈ మరణాలన్నిటికీ ఒక ఉత్తరమే కారణమని రాయకూడదు. అలా రాస్తే అదే తప్పు మళ్లీ చేసినట్టవుతుంది. కంపెనీ లాభం, నియంత్రణ లోపం, మూతపడిన గనులు, ఫ్యాక్టరీల ఊళ్లలోని నిరాశ, నొప్పిని చిన్నచూపు చూడకూడదన్న డాక్టర్ల నిజమైన తపన, అన్నీ కలిశాయి. కానీ ఆ ఆరువందల పైచిలుకు రచయితల్లో అత్యధికులు అయిదు వాక్యాలు చదవడానికి పట్టే ఒక నిమిషం వెచ్చించి ఉంటే, ఆ గొలుసు ఎక్కడో ఒకచోట తెగేది. మొదటి ఏడాది విద్యార్థికి ఉల్లేఖించే ముందు మూలం తెరిచి చదువు అని ఇచ్చే ఆదేశంలో ఎంత బరువుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇలాంటిదే ఇంకొకటి, భయం వైపు నుంచి. 1985లో కేవలం 23 మంది గర్భిణుల మీద జరిగిన ఒక చిన్న అధ్యయనం తర్వాత, కొకైన్ వాడిన తల్లులకు పుట్టే పిల్లలు ఒక తరం మొత్తం పాడైపోతారన్న భయం పత్రికల్లో వ్యాపించింది. ఫిలడెల్ఫియాలో హాలమ్ హర్ట్ బృందం అలాంటి పిల్లలను ఏళ్ల తరబడి గమనించింది. కొకైన్ సోకిన పిల్లలకూ, అదే పేదవాడల్లోని సోకని పిల్లలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండు వర్గాలూ వెనకబడే ఉన్నాయి. ఆ వెనకబాటు తెచ్చింది పేదరికం. ఈలోగా 1986 చట్టం 5 గ్రాముల క్రాక్‌కూ (పొగగా పీల్చే గడ్డ కొకైన్) 500 గ్రాముల పొడి కొకైన్‌కూ ఒకే కనీస శిక్ష, అయిదేళ్ల జైలు, విధించింది. నల్లజాతివారి మీద దాని భారం ఎంతగా పడిందో తెలిసి కూడా, ఆ నిష్పత్తిని 18కి 1గా తగ్గించడానికి 2010 దాకా పట్టింది.

మూలాలను చూపే పద్ధతుల గురించి కొంచెం. సాహిత్యం వైపు ఎంఎల్ఏ శైలి, మనస్తత్వ శాస్త్రం వైపు ఏపీఏ శైలి వాడతారు. మొదటిది పేజీ సంఖ్య అడుగుతుంది, రెండోది ప్రచురణ సంవత్సరం అడుగుతుంది. అవి చేతి పుస్తకం చూసి నేర్చుకోగలిగిన విషయాలు. అసలు పత్రానికి ముందు రాయించే వ్యాఖ్యాన సహిత గ్రంథసూచికి మాత్రం ఎక్కువ సమయం ఇవ్వాలి. ప్రతి మూలం కింద అది ఏమంటోంది, ఎవరి మీద పరిశోధించింది, ఎవరి డబ్బుతో జరిగింది, నా వాదనకు ఎక్కడ అడ్డం వస్తుంది అని నాలుగు ముక్కలు రాసుకోవాలి. కృత్రిమ మేధ పరికరాలు లేని పత్రాలకు పేర్లు, సంవత్సరాలు కూడా కల్పించి ఇస్తున్న ఈ రోజుల్లో, మూలాన్ని కళ్లతో చూడడం మరింత అవసరమైంది.

సున్నితమైన విషయం ఇంకొకటి. తరగతిలో ఎవరి ఇంట్లో ఏముందో అధ్యాపకుడికి తెలియదు. సొంత అన్న గురించో, తల్లి గురించో రాయాలనుకొనే విద్యార్థి ఉంటాడు. రాయవచ్చు, కానీ పత్రాన్ని తోటి విద్యార్థులు కూడా చదువుతారు. ఆ అన్న ఇందుకు ఒప్పుకున్నాడా? రాయనివాళ్లకు మార్కులు తగ్గకుండా, రాసేవాళ్లకు ఒంటరితనం కలగకుండా చూడడం అధ్యాపకుల బాధ్యత. సొంత గాయాన్ని పత్రానికి ముడిసరుకుగా అడిగే హక్కు ఏ కోర్సుకూ లేదని నేను గట్టిగా నమ్ముతాను.

తెలుగు ఇళ్ల నుంచి వచ్చిన విద్యార్థులకు ఈ అంశంలో సొంత వనరు ఒకటుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లు, వాచకంలోని పాఠం చదివి చర్చించుకొని, ఊళ్లో సారా దుకాణం మూయించారు. 1992లో అది రాష్ట్రమంతా ఉద్యమమైంది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది. 1994 ఎన్నికల్లో గెలిచిన ఎన్టీ రామారావు 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దాన్ని సడలించింది. మెదడు జబ్బా, ఎంపికా అని అమెరికా శాస్త్రవేత్తలు తాగే మనిషి లోపల వెతుకుతున్న జవాబును, ఈ స్త్రీలు దుకాణంలో, కాంట్రాక్టరు వేలంపాటలో, ఖజానా రాబడిలో వెతికారు. డగ్లస్ చూసిన చెయ్యినే వాళ్లూ చూశారు. ఈ రెండిటినీ ఎదురెదురుగా పెట్టి రాసిన పత్రం ఏ తరగతిలోనైనా కొత్తగా ఉంటుంది. నిషేధం ఎందుకు నిలవలేదన్న ప్రశ్నను తప్పించుకోకుండా రాస్తే ఇంకా బాగుంటుంది.

అందుకు తెలుగు పత్రికల పాత సంచికలు వెతకాలి. ఆ రోజుల్లో పోరాటంలో ఉన్న అమ్మమ్మో, పెద్దమ్మో ఉంటే ఫోనులో అడిగి రాసుకున్నదీ మూలమే, పేరు వాడేందుకు ఆమె అనుమతి, మాట్లాడిన తేదీ ఉండాలి. తెలుగులో ఉన్న మాటను పత్రంలో వాడేటప్పుడు మూలాన్నీ ఇంగ్లీషు అనువాదాన్నీ రెండిటినీ ఇచ్చి, అనువాదం తనదేనని రాయాలి. అప్పుడు తెలుగు వచ్చిన మరో పాఠకుడు దాన్ని సరిచూడగలడు.